కొత్తగూడెం బొగ్గు రేకు మోడల్ డబ్బాలు, ఎనిమిది నెలలు వాడాక నా రివ్యూ

కొంచెం పొడుగు రివ్యూ ఇది, ఎందుకంటే మన బొగ్గు లైను రైలు డబ్బాల చిన్న మోడల్స్ గురించి తెలుగులో రాసినవాళ్ళు నాకైతే ఎక్కడా కనపడలేదు. కొనేముందు నేను చాలా వెతికా, అన్నీ అమెరికా వ్యాగన్ల గురించో జర్మనీ వ్యాగన్ల గురించో ఉన్నాయి. అందుకే నాకు తెలిసినదంతా ఒకచోట పెడుతున్నా. కొన్నది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87, అసలుకి 87వ వంతు, బాక్స్‌ఎన్ వ్యాగన్లు (పైకప్పు లేని బొగ్గు డబ్బాలు) మొదటి విడతలో ఐదు, వెనక గార్డు వ్యాను ఒకటి, తర్వాత రెండో విడతలో ఇంకో ఆరు బాక్స్‌ఎన్‌లు. చేసింది కంపెనీ కాదు, ఒకాయన ఇంట్లోనే రెజిన్ ప్రింటర్ పెట్టుకుని ఆర్డర్ మీద చేసిస్తాడు. ఆయన పేరు ఇక్కడ రాయట్లేదు, ఒక్క మనిషి చేసే పని, మంచీ చెడూ రెండూ రాస్తున్నప్పుడు పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు. డబ్బా ఒక్కోటి 1,700 పడింది, గార్డు వ్యాను 2,400, కొరియర్ వేరే.

ఈ లైనే ఎందుకంటే నేను పుట్టి పెరిగింది కొత్తగూడెంలో. స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది, కొత్తవాళ్ళు దిగి గుడి ఎక్కడ అని అడుగుతారు, గుడి గోదావరి అవతల, ఇంకా బస్సెక్కి పోవాలి. మా నాన్న రైల్వేలో ట్రైన్స్ క్లర్కు, టీఎన్‌సీ అంటారు, రేకు (గూడ్సు బండి మొత్తం డబ్బాల వరస) వచ్చి ఆగితే చివరి నుంచి ఇంజను దాకా నడుచుకుంటూ ఒక్కో డబ్బా నంబరు పుస్తకంలో రాసుకోవడం ఆయన డ్యూటీ. ఇప్పుడు అవన్నీ ఎఫ్‌ఓఐఎస్ అనే రైల్వే కంప్యూటర్ సిస్టంలోనే కనపడతాయి గానీ అప్పట్లో ఎండైనా వానైనా నడవాల్సిందే, రేకంటే 58 డబ్బాలు, ఒక వైపు నడిస్తేనే 600 మీటర్ల పైన. సెలవుల్లో నేను కూడా వెంట పోయేవాణ్ణి, ఆయన నంబరు చదువుతుంటే నేను పుస్తకం పట్టుకునేవాణ్ణి. నాకు రైళ్ళంటే ఇష్టం అంటే అది ప్యాసింజర్ బండ్ల మీద ఇష్టం కాదు, గూడ్సు మీదే, అందులోనూ బొగ్గు డబ్బా మీదే.

చరిత్ర తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1871లో జియొలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని కనిపెట్టాడు, ఆయన పేరు మీదే అక్కడి బొగ్గు పొరని ఇప్పటికీ కింగ్ సీమ్ అంటారు, బొగ్గు బాయిలో పనిచేసినవాళ్ళని అడగండి, కింగ్ సీమ్, క్వీన్ సీమ్ అని ఇంట్లో మనుషుల పేర్లలాగా చెప్తారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు, 1889లో ఇల్లందులో బొగ్గు తీయడం మొదలైంది, నిజాం రైల్వే వాళ్ళు డోర్నకల్ నుంచి అక్కడికి బ్రాంచి లైను వేశారు. ఆ స్టేషన్ పేరే సింగరేణి కాలరీస్. 1920లో కంపెనీ పేరు కూడా సింగరేణి అయ్యింది. కారేపల్లి దగ్గర చీలి కొత్తగూడెం వైపు వచ్చే లైను తర్వాతది, అక్కణ్ణుంచి మణుగూరు, ఇప్పుడు కొత్తగా సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్లు, దాన్ని 2022 నవంబర్లో జాతికి అంకితం చేశారు, అది వేసిందే ముఖ్యంగా బొగ్గు కోసం. అంటే ఈ లైనులో ప్యాసింజరు తర్వాత, బొగ్గు ముందు. కారేపల్లిలోనో బేతంపూడిలోనో ప్యాసింజర్ ఆపి గూడ్సుని వదిలితే మావాళ్ళు ఎవరూ విసుక్కోరు, అది మా తిండి కదా.

సరే డబ్బాల సంగతికొద్దాం. పెట్టె విప్పగానే నేను చేసిన మొదటి పని వెర్నియర్ తీసి కొలవడం. అసలు బాక్స్‌ఎన్ కప్లర్ (డబ్బాల్ని కలిపే కొక్కెం) నుంచి కప్లర్‌కి 10,713 మిల్లీమీటర్లు, 87తో భాగిస్తే 123 వస్తుంది, నా చేతిలో ఉన్నది 123.4, చాలా బాగుంది. వెడల్పు 3,200, అంటే దాదాపు 37, అదీ సరిపోయింది. ఎత్తు 3,225, అది కూడా 37 రావాలి గానీ పట్టా మీద పెట్టి కొలిస్తే 38.5 వచ్చింది, ఒకటిన్నర మిల్లీమీటరు అంటే ఏముందిలే అనిపిస్తుంది కానీ పక్కన ఇంజను పెడితే డబ్బా ఎత్తుగా గుర్రం ఎక్కినట్టు కనపడుతుంది. కారణం బాడీ కింద బోగీ (ఇరుసులు, చక్రాలు ఉండే చట్రం) కూర్చునే దిమ్మ ఎక్కువ మందంగా ప్రింట్ చేయడం. సన్నటి ఆకురాయితో అరగదీశా, ఒక్కో డబ్బాకి పది నిమిషాలు పట్టింది. రెండో విడతలో ఆయనే సరిచేసి పంపాడు.

బోగీల గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తా ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. మన బాక్స్‌ఎన్ కింద ఉండేది క్యాస్‌నబ్ బోగీ, పోత ఉక్కుది, మధ్యలో స్ప్రింగులు గుత్తిగా కనపడతాయి. దాని రెండు ఇరుసుల మధ్య దూరం 2,000 మిల్లీమీటర్లు, స్కేల్లో 23. బజార్లో ఇండియన్ వ్యాగన్ అని అమ్మేవాటిలో కొన్నిటికి అమెరికా బోగీ తగిలిస్తారు, దూరం నుంచి ఒకేలా ఉంటాయి కాబట్టి. కానీ అమెరికాది ఇరుసుల మధ్య 20 మిల్లీమీటర్లకి అటూఇటూగా ఉంటుంది, చక్రం కూడా చిన్నది, 36 అంగుళాల చక్రం, మనది కొత్తప్పుడు 1,000 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల తేడాతో డబ్బా మొత్తం రూపమే మారిపోతుంది, బరువు మోసే బండిలాగా అనిపించదు, పెద్ద మనిషికి చిన్నపిల్లాడి చెప్పులు తొడిగినట్టు ఉంటుంది. ఈయన చేసిన బోగీ 23 పక్కాగా ఉంది, స్ప్రింగుల వెనక ఖాళీ కూడా వదిలాడు, టార్చిలైటు వేస్తే అవతలి వెలుతురు కనపడుతుంది. ఈ ఒక్క బోగీ చూసే నేను ఈ మనిషికి బండి తెలుసు అని నమ్మా.

చక్రాలు మాత్రం బాలేవు. ప్లాస్టిక్ చక్రాలు ఇచ్చాడు, వారం తిప్పేసరికి అంచుల మీద నల్లటి జిడ్డు పేరుకుంది, అది పట్టా మీద అంటుకుని ఇంజను కరెంటు తీసుకోవడం ఆగిపోయింది. పైగా ఒక డబ్బా మాత్రం పాయింటు (పట్టాలు చీలే చోటు) దగ్గరకి రాగానే పట్టా దిగిపోయేది, నాలుగు రోజులు పాయింటునే తిట్టుకున్నా, చివరికి కొలిస్తే ఇరుసు మీద రెండు చక్రాల వెనక వైపుల మధ్య దూరం 14 మాత్రమే ఉంది, 14.4 దగ్గర ఉండాలి. 11 మిల్లీమీటర్ల లోహపు చక్రాలు విడిగా కొని అన్నిటికీ మార్చేశా, డబ్బాకి ఇంకో 350 ఖర్చు. కాబట్టి అసలు ధర 1,700 అనుకోకండి, 2,050 అనుకోండి. ఈ విషయంలో ఆయన రెండో విడతలో కూడా మార్పు చేయలేదు, చక్రాలు లేకుండా తక్కువకి ఇవ్వమని అడిగితే ఒప్పుకున్నాడు, మీరూ అలాగే అడగండి.

గేజు సంగతి కూడా చెప్పాలి. మన బ్రాడ్ గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676, స్కేల్లో 19.3 రావాలి, హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. అందుకే ముందు నుంచి చూస్తే చక్రాలు కొంచెం లోపలికి ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది ఇండియన్ మోడల్స్ అన్నిటికీ ఉన్న బాధ, ఈయన తప్పు కాదు, పట్టా సొంతంగా వేసుకునే ఓపిక ఉంటే తప్ప వేరే దారి లేదు. కప్లర్ కూడా అంతే. అసలు బండిలో సీబీసీ (సెంటర్ బఫర్) కప్లర్ పట్టా నుంచి 1,105 మిల్లీమీటర్ల దాకా ఎత్తులో ఉంటుంది, స్కేల్లో 12 దాటుతుంది, మోడల్ కప్లర్లేమో అమెరికా లెక్కన 10 దగ్గర ఉంటాయి. ఈయన కప్లర్ పెట్టెని ఆ 10 ఎత్తులోనే పెట్టాడు, వేరేవాళ్ళ బండ్లతో కలవాలి కాబట్టి అది సరైన పనే అని నా అభిప్రాయం. కేడీ కంపెనీ ఐదో నంబరు కప్లర్ ఎక్కడా గీకే పని లేకుండా కూర్చుంది.

బరువు. ఖాళీ డబ్బా 58 గ్రాములు తూగింది. అమెరికా మోడలర్ల సంఘం లెక్క ప్రకారం ఈ పొడుగు డబ్బా 97 గ్రాముల దాకా ఉండాలి, లేకపోతే పొడుగు రేకులో వంపు దగ్గర మధ్య డబ్బాలు లోపలికి లాగి పడిపోతాయి. నాకు సరిగ్గా అదే జరిగింది, ఐదు డబ్బాలప్పుడు ఏమీ కాలేదు, పదకొండు తగిలించి వంపు మీద లాగితే మూడోదో నాలుగోదో పడేది. హార్డ్‌వేర్ షాపులో ఉక్కు వాషర్లు కొని అడుగున జిగురుతో అతికించా, పైన బొగ్గు వస్తుంది కాబట్టి కనపడవు. ఇప్పుడు పదకొండు డబ్బాలు, గార్డు వ్యాను, ముందు డబ్ల్యూడీఎం2 డీజిల్ ఇంజను, వంపులో గానీ వెనక్కి నెట్టేటప్పుడు గానీ ఒక్కటి కూడా దిగట్లేదు. అసలు రేకు 58 పెట్టాలంటే డబ్బాలకే 7 మీటర్లు కావాలి, మా ఇంట్లో ఆ గోడ లేదు, పదకొండుతోనే సంతోషంగా ఉంది.

ఇప్పుడు నంబర్ల సంగతి. ఈ రివ్యూ రాయాలనిపించిందే దీనివల్ల.

మొదటి విడత ఐదు డబ్బాల మీదా ఎస్‌సీ అని ఉంది, అంటే సౌత్ సెంట్రల్, మన రైల్వే. నాకు చూడగానే గర్వంగా అనిపించింది, మన లైను కోసం ప్రత్యేకంగా చేశాడు అనుకున్నా. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పట్టుకెళ్ళి నాన్నకి చూపించా. ఆయనకి ఇప్పుడు చూపు అంత బాలేదు, భూతద్దం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చుని ఒక్కోటి చేతిలోకి తీసుకుని చదివాడు, ఐదూ చదివి, మళ్ళీ మొదటిది తీసుకుని "అన్నీ ఎస్‌సీనే ఏందిరా? నా సర్వీసులో ఒక్క రేకు గూడ అన్నీ మన డబ్బాలే రాలే. ఎస్‌ఈ ఉంటది, ఈస్టర్న్‌ది ఉంటది, వెస్టర్న్‌ది ఉంటది, అన్నీ కలిసే వస్తయ్. బాక్స్‌ఎన్‌కి సొంతూరు ఉండదురా, ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడికి పంపుతరు" అన్నాడు. నేను అంతకాలం ఆ పుస్తకం పట్టుకుని నడిచినవాణ్ణి, నాకే గుర్తు రాలేదు. నిజమే, ఓపెన్ వ్యాగన్లు దేశం మొత్తానికి ఉమ్మడి, ఏ రైల్వే పేరు రాసి ఉన్నా ఎక్కడైనా తిరుగుతాయి. ఇవ్వాళ మణుగూరులో బొగ్గు ఎత్తుకున్న డబ్బా వచ్చే నెల ఒడిశాలో ఇనుప ఖనిజం ఎత్తుకోవచ్చు. మన లైను డబ్బా అంటే మన పేరు రాసినది కాదు, మన సైడింగులోకి (బొగ్గు ఎక్కించే పక్క లైనులోకి) వచ్చి మన బొగ్గు ఎత్తుకున్నది.

ఆ తర్వాత నాన్న ఇంకో తప్పు పట్టాడు, ఇది నాకు అసలు తెలియదు. వ్యాగన్ నంబరు ఇప్పుడు 11 అంకెలు కదా, మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాత రెండు ఏ రైల్వేది అని, తర్వాత రెండు తయారైన సంవత్సరం, తర్వాత నాలుగు సీరియల్, చివరి ఒక్కటి చెక్ డిజిట్. ఆ చివరి అంకె ఊరికే వేసేది కాదు, లెక్క ఉంది. మొదటి పది అంకెల్లో సరి స్థానాల్లో ఉన్నవి కూడి మూడుతో గుణించాలి, బేసి స్థానాల్లో ఉన్నవి దానికి కలపాలి, ఆ మొత్తం నుంచి పైన ఉన్న పదుల సంఖ్యకి ఎంత తక్కువైతే అదే చివరి అంకె. మొత్తం 65 వస్తే చివరి అంకె 5, మొత్తం 68 వస్తే 2. రాసేటప్పుడు ఎవరైనా ఒక అంకె తప్పు రాస్తే అక్కడే దొరికిపోవాలని పెట్టారు. నాన్న సర్వీసులో ఎక్కువ కాలం పాత పద్ధతి నంబర్లే, కానీ రిటైరైన తర్వాత కూడా పాత స్నేహితుల్ని అడిగి ఈ లెక్క నేర్చుకున్నాడంట. ఐదింటిలో మూడింటికి చివరి అంకె తప్పు. పెన్సిల్‌తో లెక్క వేసి కాగితం నా చేతిలో పెట్టాడు.

హైదరాబాద్ వచ్చాక ఆ కాగితం ఫొటో తీసి చేసినాయనకి పంపించా. ఆయన ఏమనుకుంటాడో అని కొంచెం మొహమాటపడ్డా కూడా. అరగంటలో ఫోన్ చేశాడు, అరగంట మాట్లాడాడు, నాన్నతో మాట్లాడొచ్చా సార్ అని అడిగాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది నేను వినలేదు, నాన్న చెప్పింది మాత్రం "మంచోడు, పని మీద శ్రద్ధ ఉంది" అని. రెండో విడత ఆరు డబ్బాల్లో ఎస్‌సీ రెండే, మిగతావి ఎస్‌ఈ (సౌత్ ఈస్టర్న్), ఈఆర్ (ఈస్టర్న్), సీఆర్ (సెంట్రల్), వెస్టర్న్‌ది ఒకటి, ఆరింటికీ చెక్ డిజిట్ సరిపోయింది, నేనే కూర్చుని లెక్కేశా. మొదటి ఐదుకి కూడా కొత్త డీకాల్ (అక్షరాల స్టిక్కర్ల) షీటు డబ్బులు తీసుకోకుండా పంపాడు. స్పిరిట్‌తో పాతవి తుడిచి కొత్తవి వేశా, రెండింటిని మాత్రం ఎస్‌సీగానే ఉంచుకున్నా. ఇప్పుడు రేకు తగిలించి పెడితే, ఎలా చెప్పాలో తెలియట్లేదు, నిజంగా సైడింగులో నిలబడ్డట్టు ఉంది. రంగు మారలేదు, ఆకారం మారలేదు, అక్షరాలు మారాయి అంతే.

పైపూత విషయానికొస్తే మొదటి విడత డబ్బాలు మరీ శుభ్రంగా ఉన్నాయి, మట్టిరంగు ఎరుపు ఒకే పొరలో. బొగ్గు డబ్బా అలా ఉండదు. లోపల తుప్పు, అడుగు మూలల్లో నల్లటి పొడి, బయట సుద్దముక్క రాతలు, రిపేర్లు చూసే సీ అండ్ డబ్ల్యూ వాళ్ళు సిక్ అని, అంటే డబ్బా పాడయిందని, రాసినది మళ్ళీ కొట్టేసిన గీత. అన్నిటికంటే ముఖ్యం పక్కగోడల ఉబ్బు. పవర్ హౌస్‌లో టిప్లర్ మీద డబ్బాని మొత్తంగా తిరగేస్తారు, ఎక్కించేటప్పుడు లోడర్ బకెట్టు తగులుతుంది, అలా ఏళ్ళ తరబడి అయ్యేసరికి పక్కలు లోపలి నుంచి బయటికి పొట్టలాగా వస్తాయి. రెండో విడతలో రెండు డబ్బాలకి ఆయన ఆ ఉబ్బు కావాలనే డిజైన్‌లో పెట్టాడు, చాలా కొద్దిగా, వేలు పెట్టి రాస్తేనే తెలుస్తుంది. లైటు పక్క నుంచి పడితే ఆ రెండే బతికున్న డబ్బాల్లాగా కనపడతాయి. ఇలాంటిది పెద్ద కంపెనీ చేస్తుందని నేను అనుకోను, ఎందుకంటే చూసినవాడు డిఫెక్ట్ అని వెనక్కి పంపుతాడు. ఎంప్టీ లోడ్ మార్చే హ్యాండిల్, బ్రేకు చక్రం, గాలి సిలిండరు అన్నీ ఉన్నాయి, హ్యాండిల్ మాత్రం మరీ సన్నగా ఉంది, చేత్తో పట్టుకుంటే విరుగుతుంది, నావి రెండు విరిగాయి, రాగి తీగతో చేసి పెట్టుకున్నా.

బొగ్గు ఆయన ఇచ్చింది వాడలేదు. డబ్బాతో పాటు నల్లరంగు వేసిన రెజిన్ దిమ్మ ఇస్తాడు, అది తారు ముద్దలాగా ఉంది. మా ఇంట్లో నాన్న స్నేహితుడు ఎప్పుడో ఇచ్చిన సింగరేణి బొగ్గు ముక్క ఒకటి షోకేసులో ఉండేది, అమ్మ దాన్ని దుమ్ము దులిపి మళ్ళీ అక్కడే పెట్టేది. అందులో సగం అడిగి తీసుకుని గుడ్డలో కట్టి సుత్తితో కొట్టి టీ జాలితో జల్లించా, పొడి కింద పోగా మిగిలిన 1, 2 మిల్లీమీటర్ల పలుకులు సరిగ్గా స్కేలుకి సరిపోయాయి. మొదట ఒక డబ్బా నిండా అదే పోసి చూశా, బరువు 125 దాటింది, పదకొండూ అలా చేస్తే నా ఇంజను లాగలేదు. అందుకని కింద థర్మోకోల్, వాషర్లు, పైన మాత్రమే పలుకులు, ఫెవికాల్ ఒక వంతు నీళ్ళు మూడు వంతులు కలిపి ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు వేసి డ్రాపర్‌తో పోస్తే రాత్రికి గట్టిపడింది. ఇంకోటి, బొగ్గుని చదునుగా పరవకండి, ఎక్కించినప్పుడు రెండు మూడు గుట్టలుగా పడుతుంది, ఆ గుట్టలే దాని అందం. మూడు డబ్బాల మీద సన్నగా సున్నం నీళ్ళు చల్లినట్టు తెల్లరంగు వేశా. దారిలో ఎవరైనా బొగ్గు తీస్తే గీత తెగి తెలిసిపోవాలని లోడయిన డబ్బాల మీద సున్నం చల్లుతారు, లైను పక్కన పెరిగినవాళ్ళకి అది చూడగానే తెలుస్తుంది. నిజం బొగ్గుకి ఉండే మెరుపు ఏ రంగుకీ రాదు, ఇది ఖచ్చితంగా చెప్పగలను.

ఎండ గురించి హెచ్చరిక. మే నెలలో మూడు డబ్బాలు కొత్తగూడెం ఇంట్లో కిటికీ గూట్లో వదిలేసి వచ్చా. మా ఊరి ఎండలు మీకు తెలుసు కదా, టీవీలో రామగుండం, కొత్తగూడెం పేర్లు ఆ నెలంతా వినపడతాయి. నెల తర్వాత చూస్తే ఒక డబ్బా పక్కగోడ లోపలికి వంగిపోయింది. రెజిన్‌కి వేడి పడదు, పలుచగా ఉన్నచోట మెత్తబడుతుంది. వేడినీళ్ళలో ముంచి చెక్కముక్క లోపల పెట్టి చల్లారనిస్తే ముప్పావు వంతు సరి అయ్యింది గానీ పూర్తిగా కాలేదు. దీన్ని నేను మైనస్ గానే లెక్కేస్తా, తెలంగాణలో వేసవి తప్పదు, ఇంజెక్షన్ మోల్డింగ్ ప్లాస్టిక్ అయితే ఈ గొడవ ఉండదు. బీరువాలోనో నీడ పట్టున అరలోనో పెట్టుకోండి.

గార్డు వ్యాను బీవీజెడ్‌ఐ రకం, బోగీల మీద ఉండేది. రెండు వైపులా వరండాలు, కమ్మీలు ఇత్తడి తీగతో చేశాడు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. కొరియర్లో ఒక వైపు కమ్మీ ఊడి వచ్చింది, ఫొటో పంపితే కొత్తది పంపాడు, అతికించుకోవడం మన పని. లోపల కుర్చీ కూడా ఉంది, కిటికీలోంచి కనపడదు, కానీ ఉంది.

ఎవరు కొనాలి అంటే, మీరు ఏ కాలం రేకు కావాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. బాక్స్‌ఎన్ అంటే గాలి బ్రేకుల కాలం, 1980ల నుంచి ఇటు. అంతకు ముందు అయితే వాక్యూమ్ బ్రేకుల పాత బాక్స్, అది ఇంకా పొడుగు, దాదాపు 13.7 మీటర్లు, ఇంకా వెనక్కి పోతే నాలుగు చక్రాల కేసీ డబ్బాలు, ముందు డబ్ల్యూజీ ఆవిరి ఇంజను. వాటిని దీంతో కలిపి తగిలిస్తే బాగోదు. ఇప్పటి రేకు కావాలంటే స్టెయిన్‌లెస్ స్టీలు బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ కావాలి, అది ఇంకో 250 మిల్లీమీటర్లు పొడుగు, ఈయన ఇంకా చేయట్లేదు. నా డబ్బాల మీద సీసీ+8+2 రాతలున్నాయి, అంటే 2005 తర్వాతి కాలం, లోడు పెంచి ఎక్కించడం మొదలైనప్పటిది. మీది గోదావరిఖని వైపు అయితే, ఎన్‌టీపీసీ సొంత లైను మీద గుండ్రంగా తిరిగే, అడుగున తలుపులుండే హాపర్ డబ్బాలే మీకు మీ ఊరు అనిపిస్తాయి, అవి బయటికి పోవు, అక్కడే ఎక్కించుకుని అక్కడే దించుతాయి, వాటికి మాత్రం సొంతూరు ఉంది. బెల్లంపల్లి, మందమర్రి వాళ్ళకి బాక్స్‌ఎన్ చాలు.

ఐదుకి నాలుగు ఇస్తున్నా. చక్రాలకి సగం, ఎండకి సగం తగ్గించా. బోగీకి, ఉబ్బుకి, చెప్తే విని సరిచేసినందుకు పూర్తి మార్కులు. ఆర్డర్ ఇచ్చాక ఆరు నుంచి పది వారాలు పడుతుంది, ఒకేసారి అడ్వాన్స్ మొత్తం తీసుకోడు, సగమే తీసుకుంటాడు.

మూడో విడత ఎనిమిది డబ్బాలకి మొన్ననే చెప్పా. ఈసారి నంబర్లు నాన్న రాసిచ్చాడు, పాత డ్యూటీ పుస్తకం వెనక పేజీలో, రకం, రైల్వే, సంవత్సరం, సీరియల్, చివరి అంకె లెక్కతో సహా, తన పాత చేతిరాతతోనే వరసగా ఒకదాని కింద ఒకటి, మధ్యలో ఒకదానికి ఎదురుగా సిక్ అని రాసి పెట్టాడు. ఆ ఒక్కదాన్ని రేకులో తగిలించొద్దంట, పక్క లైన్లో విడిగా నిలబెట్టాలంట. దానికోసం బోర్డు చివర ఒక చిన్న సిక్ లైను వేస్తున్నా, రెండు డబ్బాలు పట్టేంత.